వై గొట్టంలో కదలని పెంకు పురుగులు, ఏం చేయాలి?

చెక్క తొలిచే పెంకు పురుగులు ఆల్ఫా పైనీన్ (పైన్ చెట్టు బంకలో ఉండే వాసన పదార్థం), ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) వాసనలకి ఎటు వెళ్తాయో వై ఆకారపు గాజు గొట్టంలో పరీక్షిస్తున్నాను. 30 పురుగుల్లో 21 చీలిక దగ్గరే ఆగిపోయాయి. మీసాలు ఆడిస్తాయి, రెండడుగులు వేస్తాయి, వెనక్కి తిరుగుతాయి. అంతే!

గాలి నిమిషానికి 400 మిల్లీలీటర్లు, గది 26 డిగ్రీలు, ఒక్కో పురుగుకి 10 నిమిషాలు. వాసన డోసు పదో వంతుకి తగ్గించాను, ఎర్ర లైటు పెట్టాను, ప్రతిసారీ గొట్టం అసిటోన్‌తో కడిగి ఆరబెట్టాను. ఒకరోజు పస్తు కూడా ఉంచాను (పాపం). తాజా పైన్ బెరడు పెట్టినా అదే తంతు.

దుంగలోంచి బయటపడ్డ రోజే వాడుతున్నాను. కొన్ని జాతులు కాస్త ఎగిరాకే చెట్టు వాసనకి స్పందిస్తాయని చదివాను. పరీక్షకి ముందు మీరెవరైనా పురుగుల్ని ఎగరనిచ్చి ఉంటే, ఎంతసేపు ఎగిరాక అవి వాసన వైపు నడిచాయి?