ఎం.ఏ. తెలుగు తర్వాత జేఆర్‌ఎఫ్: ఎంత వస్తుంది, ఏం కావాలి?

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు చివరి సెమిస్టర్. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు) నెలకెంత? బీసీ-బి సర్టిఫికెట్ సరిపోతుందా?

జవాబు 1: మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన 42,000. ఇంటద్దె భత్యం వేరు. ఇది యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష ద్వారా వస్తుంది. అందులో తెలుగు కోడ్ 27. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కోయరు, ఒక్క ప్రశ్న కూడా వదలకండి. చివరి సెమిస్టర్‌లో ఉన్నా దరఖాస్తు చేయొచ్చు.

జవాబు 2: సర్టిఫికెట్ దగ్గరే చాలామంది దెబ్బతింటారండీ. నెట్‌లో రిజర్వేషన్‌కు రాష్ట్ర బీసీ పత్రం చెల్లదు. రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు, ముందు అది చూసుకోండి. ఉంటే తహసీల్దారు ఇచ్చే కేంద్ర నమూనా నాన్ క్రీమీలేయర్ పత్రం (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పేది) ఇప్పుడే తీసుకోండి.

జవాబు 3: చేరాక ఇంకొకటి: మీ హాజరును యూనివర్సిటీ నెలనెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. అది ఆగితే డబ్బూ ఆగుతుంది. నెలాఖరున యూనివర్సిటీలో ఫెలోషిప్‌లు చూసే సెక్షన్‌లో అడగండి.