పర్లాకిమిడి దగ్గర ఇంటిల్లిపాదికీ పళ్ల చెకప్ ఎక్కడ?

కరోనా అప్పటి నుంచి వాయిదా పడ్డ పళ్ల చెకప్ ఇప్పుడు ఇంట్లో అందరికీ చేయించాలి. పర్లాకిమిడి, పాతపట్నం చుట్టుపక్కల మంచి డెంటిస్టు ఉన్నారా, లేక శ్రీకాకుళమో బరంపురమో వెళ్లాల్సిందేనా?

పాపకు ఏడేళ్లు. ఆరేళ్లప్పుడు వచ్చే దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనకాల మొలుస్తుంది. అదీ పాలపన్నేనని చాలామంది వదిలేస్తారు, కానీ జీవితాంతం ఉండాల్సింది అదే! దాని గాడిలో సన్నటి గోధుమ గీత కనిపిస్తోంది. పుచ్చు కాకపోతే సీలెంట్ (పుచ్చకుండా గాడిని మూసే పూత) వేయించాలి. ఉమ్మి తగిలితే అంటుకోదు కాబట్టి దూది పెట్టి, పన్ను బాగా ఆరబెట్టి ఓపిగ్గా వేసేవాళ్లు కావాలి.

అత్తయ్యకు షుగరు, తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు కొలిచాకే స్కేలింగ్ (పళ్ల గార తీయడం) చేసేవాళ్లెవరు? 4 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పైపై క్లీనింగ్ సరిపోదు.

ఫీజు ఎంత, ఆదివారం చూస్తారా, దయచేసి చెప్పండి.