నచ్చని సేఫ్టీ లాక్: తీసేయమని తయారీదారుకు రాయాలా, వద్దా?

మొదటి పోస్ట్:
నా రివాల్వర్‌కి ఎడమ పక్కన, సిలిండర్ తెరిచే మీటకు కాస్త పైన, ఒక చిన్న రంధ్రం ఉంది. అందులో తాళంచెవి పెట్టి తిప్పితే లోపల లాక్ పడుతుంది, ఇక ట్రిగ్గర్ కదలదు. కొని నాలుగేళ్లయింది, ఒక్కసారీ వాడలేదు. అవసరమైన క్షణంలో అది దానంతట అదే పడిపోతుందేమోనన్న టెన్షన్ మాత్రం పోవడం లేదు. తయారు చేసిన కంపెనీ ఈమధ్య అభిప్రాయం అడిగింది. "ఈ లాక్ తీసేయండి" అని రాద్దామనుకుంటున్నాను. మా తమ్ముడేమో, భద్రత కోసం పెట్టినదాన్ని తీసేయమనడం తప్పంటున్నాడు. మీరేమంటారు?

జవాబు 1:
తప్పకుండా రాయండి. వాడేవాళ్ల మాటకు విలువ లేదనుకోవద్దు. అమెరికా తుపాకీ కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ సంగతే చూడండి. 2000 మార్చిలో క్లింటన్ ప్రభుత్వంతో భద్రతా ఒప్పందం చేసుకుంది. కొనేవాళ్లు ముఖం తిప్పుకున్నారు, అమ్మకాలు పడిపోయాయి. 2001లో దాని యజమాని, టాంకిన్స్ అనే బ్రిటన్ సంస్థ, దాన్ని సేఫ్-టి-హ్యామర్‌కి అమ్మేసింది. ఆ కొన్న కంపెనీ వ్యాపారమే తుపాకీ తాళాలు! స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లకు లోపలి లాక్ ఆ తర్వాతే వచ్చింది. అప్పటి నుంచి వాడేవాళ్లు ఇది మాకొద్దని చెబుతూనే ఉన్నారు. 2024లో అదే కంపెనీ తెచ్చిన అల్టిమేట్ క్యారీ అనే చిన్న రివాల్వర్లకు ఆ రంధ్రం లేదు. ఆలస్యంగానైనా విన్నారు.

జవాబు 2:
నేను మీ తమ్ముడి పక్షం. ఇలాంటి లాక్ గురించి కంపెనీకి రాసేది ఎవరు? రోజూ సాధన చేసేవాళ్లు, తుపాకీ గురించి బాగా తెలిసినవాళ్లు. లాక్ వేసి ఉండటం వల్ల ఒక పిల్లవాడి చేతిలో తుపాకీ పేలలేదనుకోండి, ఆ ఇంట్లో ఏమీ జరగలేదు. రాయడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది? కంపెనీకి వినిపించేది ఒక వైపు మాటే.

ఇంకో విషయం. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే కేంద్ర కమిషన్‌కు తుపాకుల మీద అధికారం లేదు. మనం అడిగి తీయించేశాక, మళ్లీ పెట్టమని చెప్పే వీలు ఆ కమిషన్‌కు ఉండదు. మేరీలాండ్‌లాంటి చోట 2003 నుంచి తయారైన హ్యాండ్‌గన్‌లకు లోపలి లాక్ ఉండాలన్న చట్టం ఉంది కాబట్టి అక్కడ సరే. మిగతా చోట్ల?

జవాబు 3:
ఇద్దరూ "ఉంచాలా, తీసేయాలా" దగ్గరే ఆగిపోయారు. సేఫ్టీ అని పేరు పెట్టినంత మాత్రాన అది భద్రత పెంచాలని లేదు. రెమింగ్టన్ 700 రైఫిల్‌కి 1982 దాకా సేఫ్టీ వేస్తే బోల్ట్ (తూటాను లోపలికి తోసి, బయటకు లాగే కడ్డీ) కూడా బిగుసుకునేది. అంటే ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో పేలడానికి సిద్ధంగా ఉన్న తూటా బయటకు తీయాలంటే ముందు సేఫ్టీ తీయాలి! నిండిన రైఫిల్‌ని సేఫ్టీ తీసి చేత్తో పట్టుకోవడం కంటే ప్రమాదం ఏముంటుంది? 1982లో ఆ బోల్ట్ లాక్ ఎత్తేశారు. ఇప్పుడు సేఫ్టీ వేసి ఉంచే ఖాళీ చేయొచ్చు. ఒక భద్రతా ఏర్పాటును తీసేస్తే భద్రత పెరిగింది.

బ్రౌనింగ్ హై-పవర్‌ది మరో రకం గొడవ. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేస్తే పేలకుండా 1935 నాటి ఆ పిస్టల్‌లో ఒక ఏర్పాటు ఉంది. దానివల్ల ట్రిగ్గర్ గరగరలాడుతుందని చాలామంది ఆ భాగాన్ని తీయించేసుకున్నారు. ఇక్కడ కంపెనీని అడగాల్సింది తీసేయమని కాదు, ట్రిగ్గర్ పాడవకుండా అదే పని చేసే మార్గం చూడమని.

అందుకే "నచ్చలేదు" అని ఒక్క ముక్క రాస్తే ఇంజనీర్‌కి ఏమీ అందదు. ఏ మోడల్, ఎప్పుడు తయారైంది, ఎన్ని రౌండ్లు కాల్చారు, ఏ రకం తూటా, సరిగ్గా ఏం జరిగింది, అదంతా రాయండి. ముఖ్యంగా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ లాక్ మీకు నిజంగా ఎప్పుడైనా దానంతట అది పడిందా? లేక పడుతుందని ఎక్కడో చదివారా? రెండూ రాయదగ్గవే, కానీ రెండూ ఒకటి కాదు.

మొదటి పోస్ట్ పెట్టినవారు:
పడలేదండీ. సుమారు ఆరువందల రౌండ్లు కాల్చాను, ఒక్కసారీ పడలేదు. నాది భయమే. మీరు అడిగాక వెళ్లి పెట్టె తెరిచి చూశాను. తాళంచెవి ఇంకా ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది, చింపను కూడా లేదు. సెలవులకి తమ్ముడి పిల్లలు మా ఇంటికే వస్తారు, పెద్దవాడికి ఆరేళ్లు. తుపాకీ వేరే బీరువాలో పెట్టి తాళం వేస్తాననుకోండి, అయినా కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఫారంలో ఇలా రాశాను: లాక్ నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ శక్తివంతమైన తూటాలు పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు అది కదలదని మీరు ఎలా పరీక్షించారో చెప్పండి. లాక్ ఉన్నది, లేనిది రెండూ అమ్మండి. తాళంచెవిని పెట్టె అడుగున పడేయకుండా, ఎలా వాడాలో చెప్పే కాగితంతో పైనే పెట్టండి.