చెక్క స్నేరా, లోహపు స్నేరా? పెరంబూరు మందిరం నుంచి ఒక సందేహం

ప్రశ్న: పెరంబూరు, చెన్నై

పెద్దలకు నమస్కారం. పెరంబూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధనకు నేను ఆరేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. సెట్టుతో పాటు వచ్చిన స్నేరునే (అడుగున తీగలు ఉండే డ్రమ్) ఇప్పటికీ వాడుతున్నాము. అది 14 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల లోతు గల స్టీలు డ్రమ్. పాత మందిరంలో చెక్క బెంచీలు, కిటికీలకు మందపాటి తెరలు ఉండేవి కనుక ఏ ఇబ్బందీ తెలియలేదు. కొత్త మందిరంలో నేలకు టైల్స్ వేశారు, గోడలు నున్నగా ఉన్నాయి, కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి. అక్కడికి మారినప్పటి నుంచి ఒక్క దెబ్బ వేస్తే చాలు, మోత ణంగుమని గోడగోడకూ తగిలి తిరిగి వస్తున్నది. ముందు వరుసలోని పెద్దవాళ్లు చెవుల మీద చేతులు పెట్టుకుంటున్నారు. పోయిన వారం ఆరాధన ముగిశాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "నాయనా, దేవుడికి చెవుడు లేదు" అని నవ్వుతూనే అన్నారు.

రెండవ ఇబ్బంది కూడా చెప్పాలి. నెమ్మదిగా సాగే కీర్తనల్లో పుల్లను మెల్లగా ఆనించి వాయిస్తే కింది తీగలు పలకడం లేదు. గట్టిగా కొడితేనే స్నేరు శబ్దం వస్తున్నది. మెల్లగా కొడితే తీగలు లేని టామ్ డ్రమ్ లాగా డుబ్బుమంటున్నది. ఒక మిత్రుడు చెక్క స్నేర్ కొంటే రెండు బాధలూ తీరుతాయని అంటున్నాడు. మరొకరు, చెక్క ఎందుకు, ఇత్తడిది కొంటే జీవితాంతం ఉంటుందని అంటున్నారు. సంఘం 25,000 రూపాయల దాకా ఇస్తామన్నది. ఆ డబ్బు కానుకల సొమ్ము కనుక తొందరపడి ఖర్చు చేయడానికి మనసు ఒప్పడం లేదు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: సాలిగ్రామం, చెన్నై

మీరు చెప్పినవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు కావు, రెండు వేర్వేరు జబ్బులు. మొదటి దానిలో డ్రమ్ గుండ్రటి ఒంటికి, అంటే షెల్‌కు కొంత పాత్ర ఉంది. రెండవ దానిలో దాదాపు ఏమీ లేదు. కనుక ఒక్క మందుతో రెండూ నయమవుతాయని చెప్పిన మిత్రుడి మాటను కాసేపు పక్కన పెట్టండి.

ముందు షెల్ సంగతి. స్టీలు షెల్ మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. పొరలు అంటించి చేసిన చెక్క షెల్ మందం 5 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. లోహం తనలోకి వచ్చిన కంపనాన్ని త్వరగా మింగదు, చెక్క మింగుతుంది. వంటింట్లో ఇత్తడి బిందెను వేలి కణుపుతో కొట్టి, ఆ వెంటనే కొయ్య పీటను కొట్టి చూస్తే ఈ తేడా చెవికే తెలుస్తుంది. అందుకే లోహపు స్నేరులో అసలు స్వరంతో పాటు పుట్టే పైస్థాయి సన్నని స్వరాలు ఎక్కువసేపు నిలుస్తాయి, దెబ్బ మిలమిలలాడుతున్నట్లు వినిపిస్తుంది. చెక్క స్నేరులో దెబ్బ గుండ్రంగా మొదలై త్వరగా ముగుస్తుంది. చెక్కలో మేపుల్ కాస్త వెచ్చగా, బర్చ్ కాస్త సూటిగా పలుకుతాయి. లోహాల్లో స్టీలు అన్నిటికంటే పదునైనది, ఇత్తడి నిండుగా ఉంటుంది, అల్యూమినియం పొడిగా తెగినట్లు పలుకుతుంది. లడ్విగ్ సంస్థ వారి సుప్రాఫోనిక్ అనే డ్రమ్‌ను 1960ల నుంచి లెక్కలేనన్ని రికార్డింగుల్లో వాడారు. పైకి క్రోమ్ పూతతో స్టీలులా కనిపించినా దాని షెల్ అల్యూమినియం. లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందపు డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించినది దానిలోనే 6.5 అంగుళాల లోతుది. కనుక లోహం అనగానే గుచ్చుకునే మోత అని ఒకే గాటన కట్టడం సరికాదు.

అయినా షెల్ కంటే ముందు వినిపించేవి మూడున్నాయి: పైన బిగించిన హెడ్ (డ్రమ్ నోటికి బిగించే పొర), దాని శ్రుతి, డ్రమ్ ఉన్న గది. ఇదే స్టీలు డ్రమ్ పాత మందిరంలో మీకు బాగానే పలికింది కదా. మారినది గది, డ్రమ్ కాదు.

ఇక రెండవ జబ్బు. తీగలు కింది హెడ్ కంపనానికి స్పందిస్తాయి. స్నేర్ కింద వేసే హెడ్ ప్రత్యేకంగా చాలా పలుచగా చేస్తారు. ఎక్కువగా వాడేది 3 మిల్. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పైన వేసే మామూలు ఒంటి పొర హెడ్ 10 మిల్ ఉంటుంది. కింద కూడా పై రకం హెడ్ వేస్తే మెల్లని దెబ్బకు అది కదలదు, తీగలు నిద్రపోతాయి. ఈ వారం డ్రమ్‌ను బోర్లించి మూడు విషయాలు చూసి చెప్పండి. కింది హెడ్ గాలిపటం కాగితంలా పలుచగా, వెనక ఉన్నది కనిపించేటట్లు ఉందా? తీగల పట్టీ రెండు వైపులా సమానంగా, షెల్ అంచున ఉన్న పల్లంలో సరిగ్గా కూర్చున్నదా? తీగలు బిగించే మర చివరిదాకా తిరిగి ఉందా? చాలామంది స్నేర్ పలకడం లేదని ఆ మరను ఇంకా ఇంకా బిగిస్తారు. దానితో తీగలు హెడ్‌కు అతుక్కుపోయి మరింత మూగబోతాయి.

ప్రశ్నించిన వారి జవాబు: పెరంబూరు

గురువారం ప్రాక్టీసుకు ముందు డ్రమ్ బోర్లించి చూశాను. సిగ్గుతో చెబుతున్నాను. కింద ఉన్నది తెల్లటి పూత గల మందపాటి హెడ్. రెండేళ్ల క్రితం కింది హెడ్ చిరిగితే ఒక దుకాణంలో మార్పించాము. వారు పై హెడ్‌నే కిందా బిగించి ఇచ్చారు, నేను గమనించలేదు. తీగల మర కూడా మీరన్నట్లే చివరిదాకా తిరిగి ఉంది.

మౌంట్ రోడ్డుకు వెళ్లి 3 మిల్ హెడ్ ఒకటి కొని తెచ్చాను. దానిని బిగించి, తీగల మరను సగానికి వదిలి, పుల్ల కొనతో హెడ్ మధ్యలో ఊరికే తడిమాను. తీగలు చిటపటలాడాయి. మా తమ్ముడు పక్క గదిలో నుంచి వచ్చి, కొత్త డ్రమ్ కొన్నారా అని అడిగాడు.

అయితే మొదటి జబ్బు అలాగే ఉంది. పైగా ఇప్పుడు తీగలు చురుగ్గా పలుకుతున్నాయి కనుక గదిలో సందడి ఇంకొంచెం పెరిగినట్లుంది. బాస్ గిటారు ఒక స్వరం పట్టుకుంటే నేను వాయించకపోయినా స్నేరు తనంతట తానే బుర్రుమంటున్నది.

సమాధానం: సాలిగ్రామం

ఆ బుర్రుమనడం జబ్బు కాదు, స్నేర్ ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. బాస్ స్వరానికి, స్నేర్ హెడ్ శ్రుతికి పొత్తు కుదిరినప్పుడు ఏ డ్రమ్ అయినా అలాగే చేస్తుంది. చెక్కది కొన్నా పోదు. పై హెడ్ శ్రుతిని కొంచెం పైకో కిందికో జరిపితే తగ్గుతుంది. ప్రసంగం సమయంలో మాత్రం పక్కనున్న లివర్ దించి తీగలను హెడ్ నుంచి విడదీయండి.

శ్రుతి చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది కానీ ఒక మాట. డ్రమ్‌ను మడిచిన తువ్వాలు మీద పెట్టి కింది హెడ్ నోరు నొక్కేయండి, తీగలను వదులు చేయండి. అప్పుడు ప్రతి బోల్టుకు అంగుళం లోపల పుల్లతో తట్టి, ఎదురెదురు బోల్టులను జతలుగా తిప్పుతూ, అన్ని చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా సరిచేయండి. మృదంగం వాయించేవారు రాయితో అంచు చుట్టూ తట్టి శ్రుతి కలపడం చెన్నైలో ఉన్నవారు చూడకుండా ఉండరు. ఇక్కడ రాయికి బదులు బోల్టులు తిప్పే డ్రమ్ కీ, అంతే తేడా. ఒక బోల్టు దగ్గర స్వరం తప్పితే రెండు స్వరాలు పోట్లాడుకుని, మీరు చెప్పిన ఆ ణంగు పుడుతుంది. లోహపు షెల్ ఆ పోట్లాటను దాచదు, ఊరంతా చాటుతుంది. చెక్క షెల్ కొంత కప్పిపుచ్చుతుంది. శ్రుతి చేయడం ఇంకా పట్టుబడని వారికి చెక్క స్నేరు నచ్చడానికి ఇదీ ఒక కారణమని నా అనుభవం.

శ్రుతి కుదిరాక కూడా మోత ఉంటే, చిరిగిన పాత హెడ్‌ను అంగుళం వెడల్పు వలయంగా కత్తిరించి పై హెడ్ అంచున ఊరికే పరచండి. పైసా ఖర్చు లేదు. అయితే వలయం వేశాక డ్రమ్ గొంతు నొక్కినట్లు అనిపిస్తే, వలయం అవసరానికి మించి పనిచేసిందన్నమాట. అప్పుడు ఇంకాస్త సన్నగా కత్తిరించుకోండి. ఇంకొక సంగతి: ఒంటరిగా వాయించినప్పుడు గుచ్చుకునే మోతలో చాలా భాగం కీబోర్డు, బాస్ తోడయ్యాక వినిపించదు. కనుక తీర్పు ఒంటరిగా కూర్చుని చెప్పకండి. మీ బదులు ఇంకొకరిని వాయించమని, మీరు వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.

సమాధానం: ముడిచూరు, పశ్చిమ తాంబరం

శబ్దం గురించి పై వారు వివరంగా చెప్పారు. నేను మన్నిక గురించి ఒక మాట చేరుస్తాను, ఎందుకంటే చెన్నైలో ఇది చిన్న విషయం కాదు. 2015 డిసెంబరు వరదల్లో మా ఇంటి కింది అంతస్తులోకి నడుము లోతు నీరు వచ్చింది. నా దగ్గర ఒక మేపుల్ స్నేరు, ఒక స్టీలు స్నేరు ఉండేవి. నీరు దిగాక చూస్తే మేపుల్ షెల్ అంచున పొరలు అట్టపెట్టె తడిసినట్లు విచ్చుకున్నాయి. హెడ్ ఆనే అంచు వంకరపోతే ఇక ఆ డ్రమ్ శ్రుతికి రాదు, దానిని వదులుకున్నాను. స్టీలు దానికి హెడ్లు, తీగలు మార్చి, మరలకు నూనె వేసి తుడిచాను. లోపల గోధుమరంగు మచ్చలున్నాయి, కానీ నేటికీ పలుకుతున్నది.

అయితే వరద ప్రతి ఏటా మందిరంలోకి రాదు కదా, తేమ మాత్రం ప్రతి రోజూ ఉంటుంది. ఆ రోజువారీ తేమకు పొరల చెక్క షెల్ అంతగా చలించదు. డప్పును మంటకు కాచుకున్నట్లు కాచవలసిన పనీ లేదు, ఎందుకంటే 1950ల చివర నుంచి డ్రమ్ హెడ్లు తోలు విడిచి ప్లాస్టిక్‌కు మారిపోయాయి. నిజానికి రోజువారీ తేమలో, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలేచోట, ముందు దెబ్బతినేది స్టీలే. చెమట పడిన రిమ్ము (హెడ్‌ను పట్టి ఉంచే లోహపు వలయం) మీద, బోల్టు రంధ్రాల చుట్టూ, గాలి కన్నం దగ్గర చుక్కలు చుక్కలుగా తుప్పు మొదలవుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాలి. క్రోమ్ వేసిన అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు కానీ, పూత బొబ్బలెత్తి రాలుతుంది. అది కంటికి బాధే తప్ప చెవికి కాదు.

ఇత్తడి కొనమన్న వారి సలహా గురించి: పాత డ్రమ్‌ను ఇత్తడిదని చెప్పి అమ్మేవారి దగ్గరకు వెళితే జేబులో ఒక అయస్కాంతం తీసుకువెళ్లండి. క్రోమ్ పూత కింద ఏముందో కన్ను చెప్పలేదు. అయస్కాంతం ఠక్కున అతుక్కుంటే అది స్టీలు. ఇత్తడికి, అల్యూమినియానికి అతుక్కోదు. పూత అడుగున నికెల్ ఉంటే కాస్త లాగినట్లు అనిపించవచ్చు, కానీ వదిలేస్తే నిలవదు. ఆ మీదట చేత్తో ఎత్తి చూడండి. అల్యూమినియం తేలిక, ఇత్తడి బరువు. మేడ మీది మందిరానికి వారానికి రెండుసార్లు మోసేవారికి ఆ బరువు గుర్తుండిపోతుంది.

ప్రశ్నించిన వారి జవాబు: పెరంబూరు

ఇద్దరికీ వేల వందనాలు. ఆదివారం ఆరాధనకు ముందు అన్నీ చేశాను. పది బోల్టుల్లో ఒకటి దాదాపు వదులుగా ఉంది. అది సరిచేయగానే ణంగులో సగం పోయింది. వలయం వేశాక మరికొంత తగ్గింది. తరువాత మా తమ్ముడిని వాయించమని నేను ముందు వరుసలో కూర్చున్నాను. మెల్లని కీర్తనల్లో చాలా బాగుంది. వేగంగా సాగే పాటల్లో రిమ్ముతో కలిపి కొట్టిన ప్రతి దెబ్బా మాత్రం ఇంకా నుదుటి మీద మొట్టికాయ వేసినట్లే ఉంది. మాకు మైకులు కూడా అవసరం లేని చిన్న హాలు అది. తెరలు వేయించే ఆలోచన వచ్చే సంవత్సరం దాకా లేదని పెద్దలు చెప్పారు.

ఈ పరిస్థితిలో మీరైతే ఏది కొంటారు?

సమాధానం: సాలిగ్రామం

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న అడిగారు. ఆ హాలుకు నేనైతే చెక్కదే కొంటాను: 14 అంగుళాలు, 5.5 లోతు, మేపుల్ లేదా బర్చ్, మామూలు వంచిన స్టీలు రిమ్ములు. 6.5 లోతు వద్దు, అంత గంభీరం ఆ గదికి ఎక్కువ. పోతపోసిన బరువైన రిమ్ములు కూడా వద్దు. అవి మోతను కొంత తగ్గించినా, రిమ్ముతో కలిపి కొట్టే దెబ్బను ఇంకా పెద్దది చేస్తాయి, మీ ఫిర్యాదు అసలు దాని మీదే. మీ బడ్జెట్ మొత్తం అవసరం పడదు. అదే మీరు రికార్డింగుకు, పెద్ద వేదికలకు, మందిరానికి అన్నిటికీ ఒకే డ్రమ్ కావాలని అడిగి ఉంటే అల్యూమినియం అనేవాడిని, మారు మాట లేకుండా. దుకాణంలో వాయించి చూసేటప్పుడు మీ పుల్లలు, మీరు వాడే రకం హెడ్ వెంట తీసుకువెళ్లండి; అక్కడి డ్రమ్‌కు ఏ హెడ్ ఉందో దాని శబ్దాన్ని షెల్ శబ్దమని పొరబడే ప్రమాదం ఉంది. కొనే ముందు పై హెడ్ విప్పించి, షెల్ అంచు చుట్టూ చూపుడు వేలు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా గీత, గుంట తగలకూడదు.

ప్రశ్నించిన వారి జవాబు: పెరంబూరు

నిన్న బర్చ్ స్నేరు తీసుకున్నాము, వేలు తిప్పి చూసే తీసుకున్నాను. రెండు హెడ్ల ధర కలుపుకున్నా సంఘానికి 7,000 మిగిలింది. తెరల గుడ్డకు ఇస్తానని అయ్యగారికి చెప్పాను. స్టీలు డ్రమ్‌ను అమ్మడం లేదు. డిసెంబరులో మా క్రిస్మస్ కార్యక్రమం పాఠశాల మైదానంలో, పైకప్పు లేని వేదిక మీద జరుగుతుంది. అక్కడ దాని నోరు ఎవరూ మూయనక్కరలేదు.