రష్యన్‌లో "ఎక్కడ", "ఎక్కడికి" కలిసిపోతున్నాయి, మీరెలా నేర్చుకున్నారు?

కజాన్_ఫస్ట్ఇయర్: స్లేవా అంటే ఎడమవైపు ఉంది, నలేవా అంటే ఎడమకి తిరుగు. పుస్తకంలో తెలుస్తోంది, రోడ్డు మీద గబగబా చెప్తే అంతా పోతోంది. మొన్న ఒక మామ్మగారు ప్ర్యామా (నేరుగా) అంటే నేను నప్రావా అనుకుని కుడికి తిరిగి, మంచులో అరగంట నడిచా. ఇంకోటి, మన "లో"కి వ్ ఎక్కడ వాడాలి, న ఎక్కడ వాడాలి?

ఓరుగల్లు_పిల్ల: ముందు ఇంగ్లిష్‌ల ఆలోచించుడు బంద్ చెయ్ తమ్మీ. వాళ్లకు వేర్ ఒక్కటే. మనకు ఏడ, ఏడికి, ఏడికెళ్లి మూడున్నయ్. గ్ద్యే, కుదా, అత్కూదా, గంతే.

గుంటూరు_డాక్టర్: ఏడికెళ్లి అంటే ఎక్కడికి వెళ్లి అనే కదండీ, అప్పుడది కుదా అవుతుంది. కొత్త పిల్లాణ్ణి కన్ఫ్యూజ్ చెయ్యకండి.

ఓరుగల్లు_పిల్ల: హన్మకొండకెళ్లి వస్తున్న అంటే హన్మకొండ నుంచి వస్తున్న అని. మా అమ్మమ్మ మాట్లాడే మాట మీకు తెల్వకపోతే అడగండి, తప్పు అనకండి.

గుంటూరు_డాక్టర్: తప్పని నేనెక్కడన్నాను? అందరికీ అర్థం కాదు అన్నా, అంతే.

ఓరుగల్లు_పిల్ల: అందరు అంటే ఎవరు? మేం లేమా అండ్ల?

ఉక్కునగరం_రిటైర్డ్: ఇద్దరూ కాస్త ఆగండమ్మా. 1980ల్లో విశాఖ ఉక్కు కడుతున్నప్పుడు సోవియట్ ఇంజనీర్ల పక్కన నిలబడి నేర్చుకున్నాను నేను. ఫ్యాక్టరీలో అంటే న జవోద్యె, పోస్టాఫీసులో న పోచ్త్యె, స్కూల్లో మాత్రం వ్ ష్కోల్యె. సైబీరియాకి వ్, ఉరాల్‌కి న. కారణం వెతక్కండి, జంటగా బట్టీ పట్టండి, న వాడిన చోటి నుంచి వస్తే స్, వ్ వాడిన చోటి నుంచి వస్తే ఇజ్. ఇది తప్పితే వాళ్లు వెంటనే దిద్దేవాళ్లు.

మాస్కో_పదేళ్లు: నేనున్నప్పుడు మాస్కో మెట్రోలో అనౌన్స్‌మెంట్ మగ గొంతులో వినపడితే సెంటర్ వైపు వెళ్తున్నట్టు, ఆడ గొంతైతే సెంటర్ నుంచి బయటికి. రింగ్ లైన్‌లో మగ గొంతంటే క్లాక్‌వైజ్. భాష రాని రోజుల్లో నేను దాన్ని నమ్ముకునే తిరిగా.

గుంటూరు_డాక్టర్: దోమా, దమోయ్ కూడా చూసుకో బాబూ. ఇంట్లో ఉంటే దోమా, ఇంటికి వెళ్తుంటే దమోయ్. ఒత్తి పలికే చోటు మార్చి దమా అన్నావంటే ఇళ్లు అని అర్థం.

కజాన్_ఫస్ట్ఇయర్: థాంక్స్ సార్, మరి స్లేవా, నలేవా?

ఓరుగల్లు_పిల్ల: రెండిటికి చివర్ల ఆ లెక్కనే వినొస్తది, అందుకే మొదలు విను. ఈ మాటల్ల స్ అంటే ఉన్న జాగ, న అంటే తిరుగుడు. స్ప్రావా, నప్రావా కూడ గట్లనే. ప్ర్యామా అంటే ఎటూ తిరగకు, సీదా పో.

మాస్కో_పదేళ్లు: పీటర్స్‌బర్గ్ మెట్రోలో కూడా గొంతులు అలాగే మారతాయా, ఎవరైనా చూశారా?