6.5 క్రీడ్‌మోర్ (ఒక రైఫిల్ తూటా రకం) బుల్లెట్లకు పొడి పూతగా మోలీ మంచిదా, హెచ్‌బీఎన్ మంచిదా? బ్యారెల్‌కి కూడా పట్టించాలా?

టెక్సస్_థౌజండ్:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర 600, 1000 గజాల పోటీలకు వాడే రైఫిల్ గురించి అడుగుతున్నాను. బోల్ట్ యాక్షన్, 26 అంగుళాల స్టెయిన్‌లెస్ బ్యారెల్, 140 గ్రెయిన్ల బరువున్న హాలోపాయింట్ బోట్‌టైల్ (ముక్కున చిన్న రంధ్రం, వెనక సన్నబడే) బుల్లెట్లు, రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) ఇంట్లోనే. 60, 70 షాట్లు దాటేసరికి గ్రూపు (టార్గెట్ మీద షాట్ల గుంపు) విచ్చుకుంటోంది. బుల్లెట్ల నుంచి బ్యారెల్‌లో పేరుకున్న రాగి మొత్తం తీసేస్తే సర్దుకుంటోంది గానీ, శుభ్రం చేశాక మొదటి నాలుగైదు షాట్లు ఎటో పోతున్నాయి. బుల్లెట్లకి డ్రై కోటింగ్ (జారుడు పొడి పూత) వేస్తే ఈ రెండూ తగ్గుతాయా? మోలీ వెయ్యాలా, హెచ్‌బీఎన్ వెయ్యాలా? గన్ పౌడర్ ఎంత మార్చాలి? బ్యారెల్ ఆయుష్షు కూడా పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

బోర్‌గైడ్:
ముందు ఆయుష్షు సంగతి. బ్యారెల్‌ని తినేది రాపిడి కాదు, వేడి. త్రోట్ (బ్యారెల్‌లోకి బుల్లెట్ మొదట దూరే చోటు) దగ్గర మంట ఉక్కును కాల్చి పగుళ్లు తెస్తుంది. బుల్లెట్ మీద మైక్రాన్ మందం పొర దాన్ని ఆపలేదు. పైగా కోటింగ్ వల్ల పడిపోయిన వేగాన్ని రాబట్టడానికి గన్ పౌడర్ పెంచితే త్రోట్‌కి ఇంకా వేడి తగులుతుంది. కాబట్టి ఆ ఆశతో మొదలుపెట్టకండి. కోటింగ్‌తో నిజంగా దక్కే లాభం ఒక్కటే: రాగి నెమ్మదిగా పేరుకుంటుంది, శుభ్రం చేయకుండా ఎక్కువ షాట్లు కాల్చుకోవచ్చు. మీ సమస్య అదే కాబట్టి ప్రయత్నించడం సబబే.

రెండింట్లో నా ఓటు హెచ్‌బీఎన్‌కే. మోలీ, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్, 1990ల్లో బాగా ఊపందుకుంది. బెర్గర్, నార్మా లాంటి కంపెనీలు కోటింగ్ వేసిన సరుకు కూడా అమ్మేవి. జారుడులో దానికి వంక పెట్టలేం. కానీ గాలి తగిలితే 350, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆక్సీకరణ మొదలవుతుంది. ఆ మిగులుకి తేమ తోడైతే ఆమ్లం పుట్టి పొర కింద ఉక్కుకి గుంటలు పడతాయి. హెచ్‌బీఎన్, అంటే హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్, 900 డిగ్రీల దాకా చెక్కుచెదరదు. గంధకం లేదు, చేతులు నల్లబడవు. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ వేడిని మోలీ కన్నా కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది గానీ అందులోనూ గంధకం ఉంది.

వేసే పద్ధతి: బుల్లెట్ల మీద ఫ్యాక్టరీ నూనె, చేతి జిడ్డు మిగిలితే పొడి అంటదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో కడిగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టండి. ఇక అక్కడి నుంచి గ్లవ్స్ తప్పనిసరి. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో 100 బుల్లెట్లు, వాటి పరిమాణమంత 4.5 మిల్లీమీటర్ల ఉక్కు బీబీలు (ఎయిర్‌గన్‌లో వాడే చిన్న గుండ్లు) వెయ్యండి. బీబీలనూ ముందు కడగాలి, వాటికీ నూనె ఉంటుంది. అంత పెద్ద బీబీ మీ హాలోపాయింట్ రంధ్రంలో దూరదు. డబ్బా సగానికి మించి నిండకూడదు. నిండితే బీబీలు కదలవు, దెబ్బ తగలదు. ఆ చిన్న దెబ్బలే కదా పొడిని రాగిలోకి దిగ్గొట్టేది!

పొడి ఎంతో లెక్క కట్టుకోవచ్చు. ఈ బుల్లెట్ ఒక్కోదాని ఉపరితలం సుమారు 6 చదరపు సెంటీమీటర్లు, వందకి 600. మైక్రాన్ మందానికి 0.06 ఘన సెంటీమీటర్ పొడి చాలు. హెచ్‌బీఎన్ అయితే 0.13 గ్రాము, మోలీ బరువు ఎక్కువ కాబట్టి 0.3 గ్రాము. డబ్బాకీ బీబీలకీ కూడా అంటుతుంది కనుక మొదటి విడతకి రెట్టింపు వేసి, తర్వాత నుంచి లెక్క ప్రకారం వెయ్యండి. రోటరీ టంబ్లర్ (డబ్బాని తిప్పే యంత్రం)లో రెండు గంటలు, వైబ్రేటరీ అయితే మూడు. తీశాక పాత తువ్వాలులో దొర్లించి వదులు పొడి దులపండి. మూత తీసేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి.

హెచ్‌బీఎన్ సరిగ్గా పట్టిన బుల్లెట్ చూడ్డానికి దాదాపు మామూలుగానే ఉంటుంది, రాగి రంగు కొంచెం మసకబారుతుందంతే. వేళ్ల మధ్య పట్టుకుంటే మాత్రం జారిపోతుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే పొడి ఎక్కువైనట్టు, అక్కడక్కడా మెరిసే రాగి కనిపిస్తే జిడ్డు పోనట్టు. రెండో రకాన్ని మళ్లీ కడిగి మొదటి నుంచి చేయాల్సిందే.

నేకెడ్_బుల్లెట్:
బోర్‌గైడ్ గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను, ఒక్క విషయం చేరుస్తాను. మోలీ వాడిన బ్యారెళ్లలో త్రోట్ ముందు నల్లటి వలయం కడుతుంది. మోలీ, కార్బన్ కలిసి గట్టిపడిన మడ్డి అది. రాగి కోసం వాడే అమ్మోనియా సాల్వెంట్ దాన్ని తాకదు. జేబీ బోర్ కాంపౌండ్ లాంటి పేస్ట్‌తో, బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే చిన్న కెమెరా)లో చూసుకుంటూ రుద్దాలి. బోర్‌స్కోప్ లేనివాళ్లు మోలీ జోలికి పోకపోవడమే మేలు.

వేటకి వాడే రైఫిల్‌కి కోటింగ్ అక్కర్లేదు. అక్కడ లెక్కలోకొచ్చేది చల్లటి బ్యారెల్‌లోంచి పోయే మొదటి షాట్, నూరో షాట్ కాదు.

టెక్సస్_థౌజండ్:
థాంక్సండీ ఇద్దరికీ. బోర్‌కి (బ్యారెల్ లోపలి రంధ్రానికి) పట్టించడం, లోడ్ (గన్ పౌడర్ మోతాదు) మార్చడం గురించి కూడా చెప్పండి.

బోర్‌గైడ్:
మీ మొదటి షాట్లు చెదరడానికి కారణం అదే: ఉత్త ఉక్కు బోర్ ఒక తీరు, పూత పట్టిన బోర్ ఇంకో తీరు. బుల్లెట్లకే వేస్తే బోర్‌కి ఆ పూత పట్టేదాకా మళ్లీ కొన్ని షాట్లు పోతాయి. ముందే బోర్‌కి రాస్తే అవి తగ్గుతాయి.

రాగి, కార్బన్ పూర్తిగా తీసి, ఆల్కహాల్ ప్యాచ్‌లతో (చిన్న గుడ్డ ముక్కలతో) నూనె తుడవండి. అర మైక్రాన్ గ్రేడ్ హెచ్‌బీఎన్ ఒక గ్రాము, 30 మిల్లీలీటర్ల 99 శాతం ఆల్కహాల్‌లో కలపండి. పొడి అడుక్కి దిగిపోతుంది, ప్రతిసారీ సీసా ఊపాలి. బోర్ గైడ్ (క్లీనింగ్ రాడ్‌ని నేరుగా నడిపే గొట్టం) పెట్టి, తడి ప్యాచ్ వెనక నుంచి ఐదారుసార్లు నడిపించి, పావుగంట ఆరనిచ్చి, బిగుతైన తడిలేని ప్యాచ్ రెండుసార్లు లాగండి. తడి బోర్‌తో కాల్చకూడదు.

దీనికన్నా ముఖ్యం, చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) పొడి మిగలకూడదు. పేలినప్పుడు ఇత్తడి కేస్ చాంబర్ గోడని పట్టుకుంటుంది, ఆ పట్టు జారితే భారమంతా బోల్ట్ లగ్స్ (బోల్ట్‌ని లాక్ చేసే పళ్లు) మీద పడుతుంది. ఆల్కహాల్ మాప్‌తో చాంబర్ తుడవండి, లోడ్ చేసిన రౌండ్ల బయట కూడా తుడవండి.

లోడ్ విషయం. అదే గన్ పౌడర్‌తో కోటింగ్ బుల్లెట్ కాలిస్తే ప్రెషర్ తగ్గి, వేగం సాధారణంగా సెకనుకి 30 నుంచి 60 అడుగులు పడిపోతుంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) చూసుకుంటూ 0.2 గ్రెయిన్ చొప్పున పెంచండి. పాత వేగం దగ్గరో మాన్యువల్‌లో ఉన్న గరిష్ఠం దగ్గరో, ఏది ముందొస్తే అక్కడ ఆగండి. అలా పెంచిన లోడ్‌లో పొరపాటున ఉత్త బుల్లెట్ పెడితే ప్రెషర్ హద్దు దాటుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఉత్త బుల్లెట్లకి తిరిగి వెళ్లేటప్పుడు మాన్యువల్ స్టార్టింగ్ లోడ్ నుంచే మొదలుపెట్టండి. రెండు రకాలూ ఒకే బ్యారెల్‌లో కలిపి కాల్చారో, పాయింట్ ఆఫ్ ఇంపాక్ట్ (బుల్లెట్ తగిలే చోటు) నిలకడగా ఉండదు.

నెక్ టెన్షన్ (కేస్ మెడ బుల్లెట్‌ని పట్టుకునే బిగువు) కూడా తగ్గుతుంది. మ్యాగజైన్‌లో అడుగున ఉన్న రౌండ్ పొడవు రికాయిల్‌కి మారిందేమో కాలిపర్‌తో కొలవండి. మారితే 0.001 అంగుళం చిన్న బుషింగ్ (రీలోడింగ్‌లో కేస్ మెడని బిగించే రింగు) వాడండి.

ప్రోన్_హైదరాబాద్:
50 మీటర్ల ప్రోన్‌కి (పడుకుని కాల్చే పోటీకి) .22 ఎల్ఆర్ (చిన్న రిమ్‌ఫైర్ తూటా) వాడుతుంటాం. ఆ తూటాలకి కూడా ఇది పనికొస్తుందాండీ?

నేకెడ్_బుల్లెట్:
వద్దు తమ్ముడూ. .22 మ్యాచ్ తూటా సీసం మీద మైనమో గ్రీజో ఫ్యాక్టరీలోనే వేస్తారు. బోర్ దానికే అలవాటు పడి ఉంటుంది. కడిగేస్తే ఆ లూబ్ పోయి బోర్‌కి సీసం పడుతుంది. పైగా లోడ్ చేసి ఉన్న రిమ్‌ఫైర్ తూటాల్ని బీబీలతో టంబ్లర్‌లో వెయ్యడం ప్రమాదం, ప్రైమింగ్ (మంట రాజేసే మందు) రిమ్‌లోనే, అంటే తూటా అడుగు అంచులోనే ఉంటుంది. నాలుగైదు లాట్లు (ఒకే విడతలో తయారైన తూటాలు) తెచ్చి మీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో చూసుకోండి, ఆ లాటే పెట్టెలకొద్దీ కొనిపెట్టుకోండి.