ఆల్బర్ట్ కాలిన్స్ ఏడో మెట్టు మీద కాపో ఎందుకు బిగించేవారు?

కొత్తవాద్యం అడిగిన ప్రశ్న:

అమెరికన్ బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కాలిన్స్ 1993 నవంబరు 24న కన్నుమూశారు. ఆయన 1978లో ఎలిగేటర్ సంస్థ ద్వారా వెలువరించిన ‘ఐస్ పికిన్’ ఆల్బమ్‌ను నేను నిరుడు మాత్రమే విన్నాను. ఆనాటి నుంచి మరొకరి గిటారు చెవికి ఎక్కడం లేదు. పాత వీడియోలు చూస్తే ఆయన వాయించే తీరులో ప్రతిదీ వింతగానే ఉంది: కాపోను (తీగలన్నిటినీ ఒకే మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపును) ఐదో మెట్టు దగ్గరో, ఏడో మెట్టు దగ్గరో, ఒక్కోసారి ఇంకా పైననో బిగిస్తారు, పట్టీని అందరిలా ఎడమ భుజం మీదుగా కాక కుడి భుజానికి తగిలిస్తారు, తీగలు మీటే చిన్న బిళ్ల, అంటే పిక్ అనేది ముట్టుకోరు. నేను కూడా నా టెలికాస్టర్ ఎలక్ట్రిక్ గిటారుకు ఏడో మెట్టు మీద కాపో పెట్టి ప్రయత్నించాను గానీ, బొమ్మ గిటారు కీచుమన్నట్టుంది తప్ప ఆ పదును రాలేదు. కాపో అనేది కార్డులు పట్టడం రానివాళ్ల చేతికర్ర అని మా గురువుగారు తీసిపారేశారు. ఈ అలవాట్లకు సంగీతపరమైన కారణం ఉందా, లేక అవి వేదిక మీద ప్రత్యేకంగా కనిపించడానికి పెట్టుకున్నవేనా? తెలిసినవారు వివరించగలరు.

ఆరోతీగ సమాధానం:

మీరు కాపో పెట్టారు గానీ శ్రుతి మార్చలేదు. లోపం అక్కడ ఉంది. కాలిన్స్ తీగలను మామూలు పద్ధతిలో శ్రుతి చేసుకునేవారు కారు. మంద్రం నుంచి పైకి ఎఫ్, సి, ఎఫ్, ఏ ఫ్లాట్, సి, ఎఫ్ అని, అంటే మన లెక్కలో స ప స గ ప స అని, ఏ మెట్టూ నొక్కకుండా మీటినా ఎఫ్ మైనర్ కార్డు పలికేలా అమర్చుకునేవారు. టెక్సస్‌లో చిన్నతనంలో ఆయనకు ఈ శ్రుతిని నేర్పింది బంధువైన విల్లో యంగ్. ఈ అమరికలో కాపోను కదిలించడమంటే వీణ మీద షడ్జాన్నే మరో చోటికి జరపడం లాంటిది: ఐదో మెట్టు మీద బి ఫ్లాట్, ఏడో మెట్టు మీద సి, తొమ్మిదో మెట్టు మీద డి ఆధారమవుతాయి. ఏ స్థాయిలో పాడినా విడి తీగలు చేతికింద సిద్ధంగా ఉంటాయి. ఒక స్వరాన్ని నొక్కి వదిలిన మరుక్షణమే విడి తీగ మోగుతుంది. ఆ మెరుపు మామూలు శ్రుతిలో కాపో పెట్టినంత మాత్రాన రాదు.

కాపో ఆలోచన ఆయనకు మరో బ్లూస్ గిటారిస్టు క్లారెన్స్ ‘గేట్‌మౌత్’ బ్రౌన్ నుంచి వచ్చింది. ఆ బ్రౌన్ కార్డులు రానివారేమీ కాదు కనుక, మీ గురువుగారి మాటను నేను గౌరవంగానే తోసిపుచ్చుతున్నాను.

ఇక ధ్వని సంగతి. టెలికాస్టర్ తీగ పొడవు 25.5 అంగుళాలు, ఏడో మెట్టు దగ్గర కాపో బిగిస్తే మోగే భాగం అందులో మూడింట రెండు వంతులు, అంటే 17 అంగుళాలు మాత్రమే. మెట్లు దగ్గరగా వస్తాయి, స్వరం గట్టిగా, పొట్టిగా తెగుతుంది. దాని మీద ఆయన బొటనవేలితోనూ చూపుడువేలితోనూ తీగను పైకి లాగి వదిలేవారు; అది తిరిగి వచ్చి మెట్లకు చటుక్కున తగిలేది. మనకు వినిపించే ఆ ‘మంచు’ శబ్దంలో సగం ఆ దెబ్బే. పిక్‌తో ఆ లాగుడు సాధ్యం కాదు. శ్రుతి, కాపో, వేళ్లతో లాగుడు, ఈ మూడింటిలో ఒక్కదాన్ని తీసేసినా మిగిలిన రెండూ పనిచేయవని నా అనుభవం.

ఒక హెచ్చరిక: ఎఫ్ మైనర్ శ్రుతికి ఐదో తీగనూ నాలుగో తీగనూ ఒకటిన్నర స్వరం పైకి బిగించాలి, తెగే ప్రమాదం ఉంది. దానికి బదులు డి, ఏ, డి, ఎఫ్, ఏ, డి అని పెట్టుకోండి. ఆ రెండు తీగలనూ కదిలించనక్కరలేదు, మిగిలినవాటిని దించితే చాలు. కాపోను మూడు మెట్లు అదనంగా జరిపితే స్థాయి సరిపోతుంది.

పాతరికార్డు సమాధానం:

ఆరోతీగ గారి వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి: దీన్ని వంటకపు కొలతల్లా చూస్తే కాలిన్స్ చేతికి చిక్కరు. ఆయన మొదట నేర్చుకున్నది కీబోర్డు. ఎంతో అభిమానించింది ఆర్గాన్ వాద్యకారుడు జిమ్మీ మెక్‌గ్రిఫ్‌ను. అందుకే ఆయన పదబంధాలు గిటారు పదబంధాల్లా కాక, బాకాల బృందం ఒక్కసారిగా ఊది ఆగినట్టు ఉంటాయి. 1962 నాటి ఆయన రికార్డు ‘ఫ్రాస్టీ’ వినండి. నాలుగైదు స్వరాలు కొడతారు, ఆగుతారు. ఆ ఖాళీలో మీరు తరువాతి దెబ్బ కోసం ఊపిరి బిగబట్టి ఉంటారు. శ్రుతి మార్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అలా ఆగగలిగినవాళ్లు తక్కువ.

వేదిక మీద ప్రత్యేకంగా కనిపించడానికేనా అని అడిగారు. ఒక్క అలవాటు విషయంలో అవుననే చెప్పాలి, అది కూడా తప్పేమీ కాదు. గిటారు నుంచి సుమారు వంద అడుగుల వైరును ఆంప్లిఫయర్‌కు తగిలించుకొని, వాయిస్తూనే వేదిక దిగి, బల్లల మధ్యగా నడిచి, తలుపు దాటి వీధిలోకి వెళ్లిపోయేవారు. బృందం లోపల తాళం నడుపుతూనే ఉండేది, ఆయన బయట దారినపోయేవారికి వినిపిస్తూ ఉండేవారు. టికెట్టు కొనని మనిషికి కూడా పాట అందాలనుకున్న వాద్యకారుడిని నేను ఆడంబరపరుడు అనలేను. ప్రయాణాల్లో బృందం బస్సును ఆయనే నడిపేవారని కూడా గుర్తుంచుకోండి. 1971లో, తరువాత తానూ బ్లూస్ గిటారిస్టు అయిన రాబర్ట్ క్రే చదువుతున్న హైస్కూలు విద్యార్థులు తమ వీడ్కోలు వేడుకకు ఆయన్ను పిలిపించుకున్నారు. పద్నాలుగేళ్ల తరువాత అదే క్రే, మరో బ్లూస్ గిటారిస్టు జానీ కోప్‌లాండ్‌లతో కలిసి కాలిన్స్ ‘షోడౌన్’ ఆల్బమ్ చేశారు, దానికి గ్రామీ వచ్చింది. బయటికి నడవడం వల్ల జరిగేది అదే మరి, ఎవరో ఒక కుర్రవాడు వెంట వస్తాడు.

కొత్తవాద్యం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. డి మైనర్ శ్రుతిలో మూడు రోజులుగా సాధన చేస్తున్నాను. లాగి వదిలిన దెబ్బ వినబడగానే పక్క గదిలో ఉన్న మా అమ్మ ఏమైనా విరిగిందా అని అడిగింది, దారిలోనే ఉన్నాననుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. విడి తీగలన్నీ మైనర్ అయినప్పుడు, బృందం మేజర్ కార్డు వాయిస్తుంటే ఆయన స్వరాలు దానితో కొట్టుకోవా?

ఆరోతీగ:

ఆరు తీగలనూ ఒకేసారి మీటితే కొట్టుకుంటాయి. ఆయన అలా మీటేవారు కారు, కార్డుల పనిని ఆర్గాన్‌కూ రెండో గిటారుకూ వదిలి ఒక్కొక్క స్వరాన్నే పలికించేవారు. మూడో తీగ విడిగా సాధారణ గాంధారం, అంటే మైనర్ కార్డులోని గాంధారం పలుకుతుంది, దాని పై మెట్టు నొక్కితే మేజర్ కార్డులోని అంతర గాంధారం. బ్లూస్ గాంధారం ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. విడి తీగను సాగదీయలేరు కనుక రెండో తీగ మీదకు వెళ్లి, కాపో నుంచి ఎనిమిదో మెట్టు దగ్గర అదే సాధారణ గాంధారాన్ని పట్టుకొని, అంతర గాంధారం దాకా వెళ్లకుండా కొద్దిగా పైకి నెట్టి ఆపండి. అప్పుడు మీ అమ్మగారిని మళ్లీ అడగండి.